గుట్ట తప్పిపోయిందని రాసినాయన

నబీ చాచా బల్ల మా జిరాక్సు షాపు మెట్లకు ఆనుకొని ఉండేది. నారాయణఖేడ్‌కు భూముల పని మీద వచ్చే ప్రతి మనిషీ ఆ బల్ల దగ్గర ఒకసారి ఆగాల్సిందే. పాస్‌బుక్కులో పేరు తప్పుపడినవాళ్లు, పింఛను ఆగినవాళ్లు, గట్టు జరిపాడని పక్క రైతు మీద మండిపడుతూ వచ్చినవాళ్లు, అందరి అర్జీలూ ఆయనే రాసేవాడు. ముప్పై ఒక్క ఏళ్లు రాశాడు. ఇప్పుడు అక్కడ బల్ల లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ఆయన నాటకాల గురించి చెప్పాలి, సిద్ధు గురించి చెప్పాలి, నేను చేసిన ఒక పని గురించి కూడా చెప్పాలి.

ఆయన పూర్తి పేరు గులాం నబీ. తండ్రి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు. పదో తరగతి తప్పాక ఒక ముసలి రాతగాడి దగ్గర పనికి చేరి, ఆయన పోయిన తర్వాత ఆ బల్లనే తీసుకున్నాడు. "తమరి దివ్యసముఖమునకు" అని రోజుకు ఇరవైసార్లు రాయడం వల్లనో ఏమో, ఆయనకు పెద్ద పెద్ద మాటల మీద నమ్మకం పోయింది.

"దివ్యసముఖం అని రాపిచ్చుకునెటోని కాళ్లకు చెప్పులుండయ్ బేటా. ముందుగాల నవ్వొచ్చింది. ఎన్క నాటకాలు రాసుడు షురూ జేసిన" అని నాతో ఒకసారి అన్నాడు.

మొదటి నాటకంలో బర్రెకు రేషన్ కార్డు వస్తుంది, దాన్ని మేపేవాడికి రాదు. కార్డులో తన పేరు ఎక్కాలంటే బర్రె చేత సంతకం పెట్టించుకొని రమ్మంటారు. అది చూసి ఖేడ్ జనం కడుపు పట్టుకొని నవ్వారట. నేనప్పటికి ఇక్కడికి కోడలిగా రాలేదు. ఆ తర్వాత ఆయన ఇంకో పదకొండు నాటకాలు రాశాడు. మా షాపులో పాడైన కాగితాల వెనక చిన్న చిన్న కవితలు రాసి బల్ల అంచుకు పిన్ను గుచ్చేవాడు. అర్జీ కోసం వచ్చినవాళ్లు తమ వంతు వచ్చేదాకా అవి చదువుకునేవాళ్లు. ఒకటి నాకు ఇప్పటికీ నోటికి వచ్చు:

బోరు ఏసిండ్రు, నీళ్లు రాలే.
నీళ్లు వచ్చినయని బోర్డు ఏసిండ్రు.
దూపయితే
బోర్డు కాడికి పో.

మా ఇంట్లో కన్నడ మాట్లాడుకుంటాం. నా తెలుగు కంటే చాచా తెలుగే బాగుంటుంది. ఆయన చేత్తో రాసింది కంప్యూటర్‌లో ఎక్కించేది నేనే. టైపు చేస్తూ నేను నవ్వుతుంటే ఆయన ముఖం చూసేవాడు, ఎక్కడ నవ్వానో గుర్తు పెట్టుకునేవాడు. తాను మాత్రం నవ్వేవాడు కాదు.

ఆయన భార్య బాను బీ అన్నం డబ్బా తెచ్చినప్పుడల్లా బల్లకు గుచ్చిన కాగితాల వైపు చూసి విసుక్కునేది. "నవ్వినోళ్లు ఇంటికి పోయి పండుకుంటరు. ఎవని మీద నవ్విండ్రో వాడు మాత్రం యాద్ పెట్టుకుంటడు. మీ చాచాకు చెప్పు సవితా" అనేది. నేను చెప్పలేదు. ఆ మాటలు విన్న రోజుల్లో నాకూ నవ్వులాటగానే ఉండేది.

చాచాకు ఒక అలవాటు ఉండేది. ఏ ముక్క ఎవరి నోట విన్నాడో నాటకం రాసే నోటుబుక్కులో పక్కన చిన్న అక్షరాలతో ఆ మనిషి పేరు రాసుకునేవాడు. ఎందుకని అడిగితే, "వాండ్ల మాట నేను వాడుకున్న గదా. ఆట నాడు పిలిచి చాయ్ తాపాలె" అన్నాడు. నిజంగానే తాపేవాడు.

సిద్ధు ఆ బల్ల దగ్గరే పరిచయమయ్యాడు. మనూరు దారిలో ఎర్రగుట్ట అని ఒక గుట్ట ఉంది. దాని కింద ఉన్న చిన్న పల్లె వాళ్లది. తండ్రి లేడు. తల్లి రేవమ్మ వితంతు పింఛను అర్జీ కోసం వచ్చిన రోజు ఆమెను బండి మీద తీసుకొచ్చింది సిద్ధే. ఇరవై ఏడేళ్లుంటాయి. గుట్టను తవ్వి మొరం మట్టి తోలే కాంట్రాక్టరు సంగమేశ్వర్ దగ్గర టిప్పర్ డ్రైవరు. మాట్లాడితే చేతులు, కళ్లు, భుజాలు అన్నీ మాట్లాడేవి. అది చూసి చాచా అతన్ని నాటకంలోకి లాగాడు. రెండు ఆటల్లో వేషం కట్టాడు.

పోయిన ఏడాది జనవరిలో ఒక మధ్యాహ్నం సిద్ధు మా షాపు మెట్ల మీద చాయ్ తాగుతూ చెప్పాడు. "చాచా, మా గుట్ట సగం అయిపోయింది. మా అవ్వ పొద్దుగాల లేచి దిక్కులు తప్పుతుంది. గుట్ట చూసే గదా ఆమెకు తూర్పు తెలిసేది."

"పర్మిషన్ ఉన్నదంటరు గదరా?"

"పర్మిషన్ జరంత జాగకు ఉన్నది. తోలేది గుట్టంత. ఒక్క పర్మిట్ చీటీ మీద నెలంత తిరుగుతం. తేదీ పెన్సిల్‌తోని రాస్తరు. పొద్దుగాల రబ్బరు పెట్టి చెరుపుడు, కొత్త తేదీ ఏసుడు. ఒకసారి మా సేఠ్ రబ్బరు దొరకలేదని పరేషాన్ అయిండు చూడు!"

అందరం నవ్వాం. చాచా నవ్వలేదు. నోటుబుక్కు తెరిచాడు.

ఇరవై రోజుల్లో నాటకం తయారైంది. పల్లె జనం పోలీస్ స్టేషన్‌కు పోయి తమ గుట్ట తప్పిపోయిందని ఫిర్యాదు ఇవ్వడమే కథ.

"మీ గుట్ట ఎప్పటిసంది కనబడుతలేదు?" అని జమాదారు అడుగుతాడు.

"రోజింత, రోజింత కనబడుతలేదు సార్."

"ఎత్తు ఎంత?"

"మొన్నటి ఎత్తు చెప్పాల్నా, ఇయ్యాల్టి ఎత్తు చెప్పాల్నా?"

"ఎవరి మీదన్న అనుమానం ఉన్నదా?"

"ఎలుకల మీద సార్. పది టైర్ల ఎలుకలు."

చివరలో సేఠ్ వేషం వేసినాయన పర్మిట్ చీటీ ఊపుతూ వస్తాడు. తేదీ చూపించమంటే, "ఏ తేదీ కావాల్నో చెప్పుండ్రి, పెన్సిల్ నా జేబులనే ఉన్నది" అంటాడు.

టైపు చేస్తూ ఆ ముక్క దగ్గర నా చేయి ఆగింది. "చాచా, ఇది బయటోళ్లకు తెల్వని ముచ్చట. సిద్ధుకు ఏమన్న అయితే?"

ఆయన నోటుబుక్కులో ఆ పేజీ మళ్లీ చదువుకున్నాడు. తర్వాత, "డ్రైవర్లు పన్నెండు మందున్నరు. ఎవరు చెప్పిండ్రో ఎట్ల తెలుస్తది? ఈ ఒక్క ముక్క తీసేస్తే ఆటల పానం ఉండదు" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. ఆ ముక్క అంత బాగుంది మరి.

సంత రోజు సాయంత్రం మార్కెట్ పక్కన ఖాళీ జాగాలో ఆట కట్టారు. సిద్ధు వేషం వేయలేదు. సేఠ్ దగ్గర పనిచేస్తూ ఈ ఆటలో కనబడడం మంచిది కాదని తానే అనుకున్నాడు. తల్లితో వచ్చి వెనక నిలబడ్డాడు. మొదలుపెట్టే ముందు ఎవరూ అనుకోని మనిషి వచ్చాడు. సంగమేశ్వర్. తెల్ల చొక్కా, చేతిలో ఫోను. పెళ్లిళ్లకు పిలిస్తే ముందే వెళ్లి వడ్డనకు నిలబడే మనిషి. ఊళ్లో ఆయన మీద ఎవరికీ పైకి చెప్పే కోపం లేదు. ముందు వరసలో కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు. ఎలుకల ముచ్చట దగ్గర అందరికంటే పెద్దగా నవ్వింది ఆయనే. పక్కవాళ్ల తొడ మీద చరిచి మరీ నవ్వాడు.

పెన్సిల్ ముక్క వచ్చింది. జాగా అంతా ఒక్కసారి గొల్లుమంది. వెనక నిలబడ్డ డ్రైవర్లు ఈలలు వేశారు. సంగమేశ్వర్ నవ్వు ఆగిపోయింది. ఆయన స్టేజీ వైపు చూడడం మానేసి, కుర్చీలోనే మెల్లగా వెనక్కి తిరిగాడు. ఎవరెవరు నవ్వుతున్నారో ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ పోయాడు. తొందరేమీ లేదు ఆ చూపులో. నేను పక్కగా కూర్చొని ఉన్నాను గనుక అది కనబడింది.

ఆట అయ్యాక ఆయనే స్టేజీ ఎక్కి చాచాకు శాలువా కప్పాడు.

"నబీ సాబ్, మస్తు రాసినవ్. గా పెన్సిల్ ముచ్చట ఎవరు చెప్పిండ్రు నీకు?"

"ఎవరు చెప్తరు సేఠ్, నా తలకాయలకెళ్లే వచ్చింది."

"మంచి తలకాయ. జాగ్రత్తగ, పైలంగ పెట్టుకో" అని, భుజం తట్టి దిగిపోయాడు.

మరుసటి వారం నుంచి కిష్టప్ప రావడం మొదలైంది. సంగమేశ్వర్ దగ్గర గుమాస్తా. యాభై దాటిన మనిషి, మెత్తగా మాట్లాడతాడు. పొద్దున పదకొండుకు వచ్చి చాచా బల్లకు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చునేవాడు. ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. అర్జీ కోసం వచ్చేవాళ్లను, "ఏ ఊరు? ఏం పని?" అని మర్యాదగా అడిగేవాడు. అంతే. నాలుగైదు రోజులకు బల్ల దగ్గర జనం పల్చబడ్డారు. జమాదారు వేషం వేసినాయన ఇంకెప్పుడూ వేషం కట్టనని చెప్పిపోయాడు. సేఠ్ వేషం వేసినాయన కూతురి దగ్గరికని బీదర్ వెళ్లి మళ్లీ రాలేదు. చాచా నాటకంలో దేవుణ్ని తిట్టాడని ఒక పుకారు లేచింది గానీ, ఆట చూసినవాళ్లు వందల మంది ఉండడంతో అది నిలబడలేదు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. ఒక రోజు చాచా నమాజుకు వెళ్లినప్పుడు కిష్టప్ప మా షాపులోకి వచ్చాడు.

"సవితమ్మా, గా నాటకం మా సేఠ్‌కు మస్తు నచ్చింది. ఒక కాపీ ఇయ్యరాదూ? వాండ్ల బంధువులు అడుగుతుండ్రు."

కంప్యూటర్‌లో ఉన్నది ప్రింటు తీద్దామంటే కరెంటు పోయి వచ్చి, ఆ ఫైలు తెరుచుకోలేదు. చాచా నోటుబుక్కు నా దగ్గరే ఉంది. ఆ పేజీలే జిరాక్సు తీసి ఇచ్చేశాను. అందరి ముందూ ఆడిన నాటకమే గదా అనుకున్నాను. పక్కన చిన్న అక్షరాలు ఉంటాయని నాకు తెలుసు. ఆ పూట తట్టలేదు. ఇచ్చిన రెండు రోజులకు నోటుబుక్కు తిరగేస్తుంటే పెన్సిల్ ముక్క పక్కన "సిద్ధు - చాయ్" అని కనబడింది. అప్పటికప్పుడే మెట్లు దిగి బల్ల దగ్గరికి పోయాను.

చాచాకు చెప్పాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నోటుబుక్కు మూసి, "పోరన్ని పిలవాలె" అన్నాడు.

సిద్ధు వచ్చాడు, కాపీ సంగతి విన్నాడు. అతన్ని పనిలోంచి తీసేయలేదు, తిట్టలేదు కూడా. బండి మాత్రం అప్పటికే మార్చారు. మూలకు పెట్టిన పాత టిప్పర్ ఇచ్చి, గుట్ట పైవైపు కోత దగ్గర, దారి నిట్టనిలువుగా దిగే చోట వేశారు.

"బ్రేకు దిగుతుంది చాచా. పెడల్ మీద నిలవడాలె, గప్పుడే ఆగుతది. చెప్పిన. చేపిస్తం, చేపిస్తం అంటుండ్రు."

"ఇడిసిపెట్టు పని. రేపే మానెయ్."

"కాయితం మీద పేరుంటే ఏమాయె, మానేస్తే నేనే చెప్పిన అని ఒప్పుకున్నట్టయితది. అవ్వ ఆడనే ఉంటది గదా, గుట్ట కిందనే. నేను పోతే ఆమెనెవరు చూస్తరు? ఒక నెల ఆగుత. వాండ్లే మర్చిపోతరు."

నాకు క్షమాపణ అడగాలని ఉంది. అడిగేలోపే అతను నా ముఖం చూసి, "ఏంది అక్కా, గట్ల జూస్తున్నవ్, చచ్చిపోయినోన్ని చూసినట్టు" అని నవ్వి బండి ఎక్కాడు.

మార్చి ఆరున పొద్దున పదిన్నరకు నిండు లోడుతో దిగుతూ టిప్పర్ ఆగలేదు. మలుపు దగ్గర కిందికి పల్టీ కొట్టింది. సిద్ధును దవాఖానకు తీసుకుపోయే దారిలోనే ప్రాణం పోయింది. బ్రేకు ఎవరైనా కోశారని నేను అనను. నేను చూడలేదు. ఆగని బండి అని తెలిసి అందులో ఎక్కించారని మాత్రం తెలుసు. అతను చెబుతుంటే నా చెవులతో విన్నాను.

చాచా ఆ రోజు నుంచి బల్ల దగ్గర కూర్చునేవాడు గానీ రాసేవాడు కాదు. బాను బీ అన్నం డబ్బా తెచ్చి అలాగే తీసుకుపోయేది. "నా ముక్క మంచిగున్నదని చూసుకున్న. ఎవని మెడకు పడుతదో చూస్కోలే" అని ఒకసారి నాతో అన్నాడు. నేను, "తప్పు నాది చాచా" అన్నాను. "నీది చెయ్యి తప్పు. నాది తెలిసి చేసిన తప్పు" అన్నాడు.

పదమూడో రోజున కిష్టప్ప రేవమ్మను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి తాను బెంచీ మీద కూర్చున్నాడు.

"నబీ సాబ్, చిన్న కాగితం. పోరడు బండి జోరుగ నడిపిండు, గందుకే గట్లయింది, నాకు ఎవరి మీద అనుమానం లేదు అని ఈమె తరఫున రాయాలె. సేఠ్ నీతోనే రాపియ్యమన్నడు. నీ చేతిరాత మంచిగుంటది గదా."

చాచా కాగితం తీసుకున్నాడు. పెన్ను మూత తీశాడు. నేను మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాను. ఆయన చాలాసేపు ఖాళీ కాగితం వైపే చూశాడు. తర్వాత పెన్ను కింద పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"రేవమ్మా, నీతోని ఒక ముచ్చట చెప్పాలె. ఆటల పెన్సిల్ ముచ్చట ఉన్నది సూడు, అది సిద్ధు చెప్పిందే. నమ్మి చెప్పిండు. నేను పదిమంది ముందల పెట్టిన. గది తెలిసినంకనే వాన్ని పాత బండి మీద ఏసిండ్రు. బ్రేకు లేదని వాడు నాకు ఈడనే చెప్పిండు."

కిష్టప్ప లేచాడు. "ఏం మాట్లాడుతున్నవ్ సాబ్?"

"తెలిసింది నావల్లనే" అన్నాను నేను. "నోటుబుక్కు కాపీ నేనే ఇచ్చిన. ఈయనకే ఇచ్చిన."

రేవమ్మ ఏడవలేదు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "శివనే" అని ఒక్కసారి దేవుణ్ని తలుచుకొని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అడిగింది. "పదమూడు దినాలాయె. ఎందుకు చెప్పలే నాకు?"

"భయమైంది" అన్నాడు చాచా.

"నాకిప్పుడు ఏం భయం?" అంది రేవమ్మ. "రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి."

కిష్టప్ప ఆమె చేయి పట్టుకోబోయాడు. ఆమె విదిలించుకుంది. ఆయన ఫోను చెవికి పెట్టుకొని రోడ్డు దాటిపోయాడు. చాచా రాయడం మొదలుపెట్టాడు. దివ్యసముఖం లేదు, పాదపద్మాలు లేవు, వెక్కిరింపు లేదు. "నా పేరు రేవమ్మ. నా కొడుకు సిద్ధును బ్రేకు లేని బండి ఎక్కించారు" అని మొదలైంది. ఒకటిన్నర పేజీ. ఆమె వేలిముద్ర వేసింది. సాక్షిగా చాచా సంతకం పెట్టాడు, దాని కింద నేను పెట్టాను. ముగ్గురం కలిసి నడుచుకుంటూ పోలీస్ స్టేషన్‌కు పోయి ఇచ్చాం.

మూడు రోజుల తర్వాత పొద్దున షాపు తెరవడానికి వచ్చేసరికి చాచా బల్ల కాలిపోయి ఉంది. పైన కట్టిన పరదా బొగ్గయి మా మెట్ల మీద పడి ఉంది. ఎవరు చేశారో తెలియదని చుట్టుపక్కల అందరూ చెప్పారు. మా ఆయన షాపు వేరే సందులోకి మార్చాడు. చాచా మళ్లీ బల్ల వేయలేదు. అర్జీలు కావలసినవాళ్లు ఇప్పుడు ఇంటికి వెళ్తారు. ధైర్యం ఉన్నవాళ్లే వెళ్తారు.

కేసు అయింది. టిప్పర్‌ను పరీక్ష చేసి బ్రేకు పనిచేసే స్థితిలో లేదని రాశారు. పర్మిట్ చీటీలు పట్టుకున్నారు. సంగమేశ్వర్ కొన్నాళ్లు లోపల ఉండి బెయిలు మీద బయటికి వచ్చాడు. గుట్ట పని నాలుగు నెలలు ఆగింది. తర్వాత వేరే పేరు మీద, వేరే రంగు టిప్పర్లతో మొదలైంది. బజారులో ఎదురుపడితే సంగమేశ్వర్ ఇప్పటికీ నన్ను, "బాగున్నవా చెల్లె?" అని పలకరిస్తాడు. తల ఊపి వచ్చేస్తాను.

చాచా నాటకం రాయలేదు. కవితలు రాస్తున్నాడో లేదో తెలియదు. కూతురు ఫర్హీన్ జహీరాబాద్ వచ్చి ఉండమంటుంది. బాను బీ బట్టలు సర్ది రెండుసార్లు సిద్ధమైంది. "వాయిదాలు అయిపోనీ" అంటాడు చాచా. బాను బీ సంచీలోంచి బట్టలు తీసి మళ్లీ దండెం మీద వేస్తుంది.

వాయిదా ఉన్న రోజు చాచా, రేవమ్మ కలిసి సంగారెడ్డి కోర్టుకు బస్సు ఎక్కుతారు. మొదట్లో ఆమె ఆయనతో మాట్లాడేది కాదు, వేరే సీట్లో కూర్చునేది. ఇప్పుడు పక్కనే కూర్చుంటుంది. ఇద్దరికీ కలిపి రొట్టెలు కట్టుకొస్తుంది. క్షమించిందా అని నేను అడగలేదు. నన్ను కూడా ఆమె ఏమీ అనలేదు, ఇంటికి రమ్మని మాత్రం పిలవదు.

పోయిన వాయిదాకు వెళ్లినప్పుడు ఇద్దరు మనుషులు వీళ్ల వెనక సీట్లో కూర్చున్నారట. ఖేడ్ వాళ్లు కాదు. దారి పొడవునా ఒక్క మాట మాట్లాడుకోలేదు. వీళ్లు దిగిన చోటే దిగారు, చాయ్ తాగిన చోటే తాగారు, తిరుగు బస్సులోనూ వెనకే కూర్చున్నారు. రేవమ్మ వెనక్కి తిరిగి, "ఎవరు బిడ్డా మీరు? ఏం కావాలె?" అని అడిగింది. వాళ్లలో ఒకడు చిన్నగా నవ్వి కిటికీలోంచి బయటికి చూశాడు.

వచ్చే నెల పద్నాలుగున సాక్షుల వాయిదా. ముందు చాచాను పిలుస్తారు, తర్వాత నన్ను. మా ఆయన వద్దంటున్నాడు. మా అత్త రెండు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. నిన్న చాచా ఫోను చేసి, "బేటా, నువ్వు రాకున్న నేనేం అనుకోను" అన్నాడు.

పద్నాలుగున పొద్దున ఆరున్నర బస్సుకు మూడు సీట్లు పట్టమని ఆయనకు చెప్పాను.